కొలువు పోయాక మిగిలే పని

(షోలాపూర్ తూర్పు పేటలలోని తెలుగు కుటుంబాల సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)



మగ్గం ఉన్న ఇంట పుట్టినవారికి ఒక దృశ్యం కొత్త కాదు. నేత సాగుతూ ఉండగా పడుగులో ఒక పోగు తెగుతుంది. నేతగాడు మగ్గాన్ని ఆపుతాడు. ఒక్క పోగు తెగిందని పడుగునంతా విప్పి పారవేయడు. తెగనట్టే నటించి నేతను సాగించడు కూడా. తెగిన కొస ఎక్కడున్నదో వెదికి, దానిని అచ్చులోంచి తిరిగి లాగి, ముడి వేసి, ఆ తరువాతనే నాడెను వదులుతాడు. ఈ పనికి ఒక వరుస ఉన్నది. వరుస తప్పితే బట్ట పొడవునా గీత పడుతుంది.

ఉద్యోగం పోయిన మనిషి తిరిగి నిలదొక్కుకోవడానికి కూడా అటువంటి వరుస ఒకటి ఉన్నది. ఈనాటి ప్రసంగానికి అదే విషయం. ఈ పేటలలో టవలు కార్ఖానాలో పన్నెండేళ్ళు పనిచేసిన జాబరుకు ఒకనాటి సాయంత్రం యజమాని నోటిమాటగా "రేపటి నుంచి రావద్దు" అంటాడు. పూణేలో కంప్యూటరు ముందు కూర్చున్న యువకునికి అదే మాట పది నిమిషాల వీడియో సమావేశంలో మర్యాదగల ఇంగ్లీషులో అందుతుంది. మాట తీరు వేరైనా ఇంటికి చేరే వార్త ఒక్కటే.

ఈ వార్త షోలాపూర్‌కు మొదటిసారి వచ్చినది కాదు. తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీ కుటుంబాలు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఈ ఊరికి వచ్చాయి. 1870ల దశకంలో ఇక్కడ పెద్ద మిల్లు వెలసింది. ఊరి జనం దానిని జూనీ మిల్లు అన్నారు. 1949 ఆగస్టులో ఆ మిల్లు మూతపడింది. వేలాది కార్మికులు ఒక్కసారిగా వీధిన పడ్డారు. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక ఆదేశం ద్వారా మిల్లు నిర్వహణను తన చేతిలోకి తీసుకున్నది. ఒక వాటాదారు దానిని సవాలు చేయగా, అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సవాలును తోసిపుచ్చింది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన తొలి సంవత్సరంలోనే ఈ ఊరి మిల్లు పేరు న్యాయశాస్త్ర గ్రంథాలకు ఎక్కింది.

ఆ వ్యాజ్యం వాటాదారు హక్కును గురించినది. పని పోయిన కార్మికునికి ఎంత సొమ్ము ఇవ్వాలో చెప్పే నిబంధన ఆనాటికి పారిశ్రామిక వివాదాల చట్టంలో లేదు. తొలగింపు పరిహారం అన్న అధ్యాయాన్ని అందులో చేర్చినది 1953లో. అంతకుముందు యజమాని దయగానో, బేరసారాల ఫలితంగానో దొరికినది ఆ తరువాత హక్కు అయినది. ఆ హక్కును వాడుకోకుండా వదిలివేయడం, దానికోసం పోరాడిన తరాన్ని మరచిపోవడమే.

తరువాతి దశాబ్దాలలో ఊరిలోని పెద్ద మిల్లులు ఒకటొకటిగా మూగబోయాయి. 1982 జనవరి 18న బొంబాయిలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పాల్గొన్నారు. ఆ తరువాత అక్కడి మిల్లులలో ఎన్నో తిరిగి పూర్వస్థితికి రాలేదు. చిమ్నీలు చల్లారినా నేత మాత్రం ఆగలేదు. షోలాపూర్ తూర్పు పేటలలో మరమగ్గాల చప్పుడు పెరిగింది. ఇక్కడి చద్దరు, ఇక్కడి టవలు భౌగోళిక గుర్తింపు పొందే స్థాయికి చేరాయి. మిల్లు పేరు పోయింది, నేత తెలిసిన చేయి మిగిలింది. కొలువు వేరు, పని వేరు. కొలువును యజమాని ఇస్తాడు, యజమానే తీసుకుంటాడు. పని మాత్రం మనిషి వెంట వస్తుంది.

అయితే ఈ కథను విజయగాథగా మాత్రమే చెప్పుకుంటే సత్యానికి అన్యాయం జరుగుతుంది. మిల్లు కార్మికులందరూ మరమగ్గాల షెడ్లలో కుదురుకోలేదు. కొందరు వయసు మీరి, కొందరు వ్యాధి సోకి, కొందరు మద్యానికి లొంగి రాలిపోయారు. పొయ్యి ఆరకుండా కాచినది చాలా ఇళ్ళలో స్త్రీలు. తునికాకు తడిపి, కత్తిరించి, చేటను ఒడిలో పెట్టుకుని చుట్టిన బీడీలే పిల్లల బడి జీతాలు, ఇంటి అద్దెలు అయ్యాయి. ఒకరి ఉద్యోగం పోతే ఆ భారం ఎవరి వీపు మీదికి మారుతున్నదో ప్రతి ఇల్లూ చూసుకోవలసి ఉన్నది.

ఈ సంగతి షోలాపూర్‌కు మాత్రమే పరిమితం కాదు. ఆస్ట్రియా దేశంలో మారియెంటాల్ అనే చిన్న ఊరు కూడా ఒక బట్టల మిల్లును నమ్ముకుని బ్రతికినదే. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతపడింది. మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని దగ్గరనుండి గమనించి 1933లో గ్రంథం వెలువరించారు. పని లేనివారికి తీరిక పెరిగింది గనుక చదువు పెరుగుతుందని ఎవరైనా అనుకుంటారు. అక్కడ జరిగినది అందుకు విరుద్ధం. గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకుపోవడం తగ్గింది. పురుషుల నడక మందగించింది, వీధిలో నాలుగడుగులకొకసారి ఆగి నిలబడడం అలవాటయింది. స్త్రీల రోజు మాత్రం ఇంటి పనితో నిండుగానే ఉన్నది. ఉద్యోగం జీతాన్నే కాదు, రోజుకు ఒక ఆకారాన్ని కూడా ఇస్తుందని, అది పోతే మనిషి సోమరి కాకపోయినా చెదిరిపోతాడని ఆ గ్రంథం చూపింది.

ఇక వరుస సంగతి. దానికి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. తండ్రి వయసు నలభై ఆరు, టవలు కార్ఖానాలో జాబరు. తల్లి బీడీ కార్మికురాలు. కుమారుడు పూణేలో సాఫ్ట్‌వేర్ పరీక్షకుడు. ఒకే సంవత్సరంలో తండ్రీ కొడుకులిద్దరి ఉద్యోగాలూ పోయాయి.

మొదటి అడుగు నిజం చెప్పడం. ఉద్యోగం పోయిన తరువాత కూడా ఆ జాబరు పదకొండు రోజులపాటు మామూలు వేళకే టిఫిను డబ్బా పట్టుకుని ఇంటినుండి బయలుదేరి, సిద్ధేశ్వర ఆలయ చెరువు గట్టున కూర్చుని, సాయంత్రానికి తిరిగి వచ్చాడని అనుకుందాం. ఇటువంటి ఇళ్ళు లేకపోలేదు. నామోషీయే దానికి కారణం. ఆ పదకొండు రోజులలో భార్య మామూలుగానే భిశీ డబ్బు కట్టివేసింది, పండుగకు బట్టలు తీసింది. దాచిన మాట ఇంటి లెక్కను తప్పించింది. నిజం తెలిసిన రాత్రి ఆమె బాధపడినది ఉద్యోగం పోయినందుకు కాదు, తనతో చెప్పనందుకు. వార్త ఆ రోజే ఇంట్లో చెప్పాలి. మరునాడు అద్దె, బడి ఖర్చు, అప్పుల కిస్తీ, మందులు, తిండి గింజలు వరుసగా ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆగగలిగినవి ఏవో, ఆగలేనివి ఏవో ఇంటిల్లిపాదీ కలిసి తేల్చుకోవాలి.

రెండవ అడుగు కాగితాలు. ఇక్కడ తొందరపాటు వలన నష్టపోయేవారే ఎక్కువ. యజమాని ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటాడు. అది మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. అందులో "స్వచ్ఛందంగా రాజీనామా చేస్తున్నాను" అని ఉండవచ్చు. చట్టం దృష్టిలో తొలగింపు వేరు, రాజీనామా వేరు. స్వచ్ఛందంగా వైదొలగినవారికి తొలగింపు పరిహారం వర్తించదు. పూణేలోని కుమారునికి కూడా ఇదే ఎదురయింది. "రాజీనామా ఇస్తే మీ రికార్డు శుభ్రంగా ఉంటుంది" అన్నారు. అర్థం కాని కాగితం మీద సంతకం చేయరాదు. చదివి చెప్పగల మనిషికి చూపించడానికి ఒక రోజు గడువు అడగడం తప్పు కాదు.

ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుని తొలగించాలంటే ఒక నెల ముందుగా నోటీసు గాని, దానికి బదులు ఒక నెల వేతనం గాని ఇవ్వాలి. పూర్తిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఈ సూత్రం కొనసాగుతున్నది. తొలగించిన కార్మికుని పునర్నైపుణ్య శిక్షణ కోసం యజమాని 15 రోజుల వేతనాన్ని ఒక నిధికి జమచేయాలని, ఆ సొమ్ము 45 రోజులలోగా కార్మికుని ఖాతాకు చేరాలని ఆ కోడ్ అదనంగా చెబుతున్నది. అదే సంస్థ ఏడాదిలోగా మళ్ళీ మనుషులను తీసుకుంటే తొలగించినవారికి ప్రాధాన్యం ఇవ్వాలి. నిర్వాహక హోదాలో ఉన్నవారికి ఈ నిబంధనలు వర్తించవు. వారికి నియామక పత్రంలోని షరతులే ఆధారం. అందుకే నియామక పత్రాన్ని చేరిన రోజున కాక, వెళ్ళే రోజున మరింత శ్రద్ధగా చదవాలి.

గ్రాట్యుటీ దీనికి వేరు. పది మంది లేక అంతకు ఎక్కువ మంది ఉన్న సంస్థలో అయిదేళ్ళు నిరంతరంగా పనిచేసినవారికి అది అందుతుంది. రాజీనామా చేసినా అందుతుంది. లెక్క సులభం. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన సంవత్సరాలతో హెచ్చించాలి. ఊహించుకున్న జాబరుకు మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 20,800 రూపాయలు అనుకుంటే, రోజుకు 800 అవుతుంది. 15 రోజులకు 12,000. పన్నెండేళ్ళకు 1,44,000 రూపాయలు. చెల్లింపునకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. ఈ లెక్క తెలియని మనిషి చేతిలో ఇరవై వేలు పెట్టి పంపివేస్తే, అది దయ అనుకుని దండం పెట్టి వస్తాడు.

హాజరు పుస్తకంలో పేరే లేని కార్మికులు ఈ ఊరి షెడ్లలో ఎందరో ఉన్నారు. వారు బ్యాంకులో జీతం పడిన నమోదులు, కార్మిక బీమా కార్డు, కార్ఖానా గుర్తింపు కార్డు, ఉప్పంతి చీటీలు, తోటి కార్మికుల వాంగ్మూలం వంటి ఏ చిన్న ఆధారాన్నయినా కూడబెట్టుకుని కార్మిక శాఖ కార్యాలయాన్ని గాని సంఘాన్ని గాని ఆశ్రయించాలి. కాగితం విలువ ఏమిటో ఈ ఊరి బీడీ కార్మిక స్త్రీలకు బాగా తెలుసు. గుర్తింపు కార్డు సంపాదించి, సహకార సంఘంగా ఏర్పడి, ఏళ్ళ తరబడి అడిగి అడిగి, 2006 నాటికి కుంభారి దగ్గర 10,000 ఇళ్ళ కాలనీని సాధించుకున్నది వారే.

భవిష్యనిధి సొమ్మును చేతికి అందింది కదా అని మొత్తం తీసివేయడం మంచిది కాదు. దానితో ముడిపడిన పింఛనుకు పది సంవత్సరాల సభ్యత్వం అవసరం. ఎనిమిదేళ్ళు నిండిన మనిషి పింఛను సొమ్మును కూడా తీసివేస్తే ఆ ఎనిమిదేళ్ళూ లెక్కలో లేకుండా పోతాయి. కొత్త ఉద్యోగంలో అదే ఖాతా సంఖ్య ఇచ్చి బదిలీ చేయించుకుంటే పాత సేవ కొత్త సేవకు కలుస్తుంది. పరిహారంగా వచ్చిన సొమ్ము మొత్తాన్ని వెంటనే సొంత మగ్గాల మీద గాని, ఆటో మీద గాని పెట్టడం మరొక ప్రమాదం. ఆరు నెలల ఇంటి ఖర్చును ముందుగా పక్కన పెట్టి, మిగిలినదానితోనే ఏ సాహసమైనా చేయాలి.

మూడవ అడుగు రోజును నిలబెట్టుకోవడం. మారియెంటాల్ నేర్పినది ఇదే. నిద్ర లేచే వేళ మారకూడదు. ఉదయం రెండు గంటలు పని వెదకడానికి, రెండు గంటలు నేర్చుకోవడానికి, మిగిలిన కొంత కాలం ఇంటి పనికి కేటాయించాలి. భార్య వెయ్యి బీడీలు చుట్టి లేచి వంటింట్లోకి వెళుతూ ఉంటే, పని లేని భర్త అరుగు మీద కూర్చుని ఉండడం న్యాయం కాదు. నీళ్ళు పట్టడం, రేషను తేవడం, బీడీలను కార్ఖానాకు చేర్చి లెక్క చూసుకుని రావడం ఆయన చేయదగిన పనులే. దీనివలన ఆమెకు ఊపిరి అందుతుంది, ఆయనకు రోజు నిలబడుతుంది.

నాలుగవ అడుగు తెలిసిన పనులను లెక్కపెట్టుకోవడం. ఉద్యోగం పేరు కాదు, చేసిన పనులు. "జాబరు" అన్న మాట పక్కన పెట్టి, ఆయన రోజూ ఏమేమి చేసేవాడో రాసి చూడాలి. చప్పుడు విని యంత్రంలో దోషం ఎక్కడున్నదో పసిగట్టేవాడు. బేరింగు మార్చేవాడు. బెల్టు బిగువు సరిచేసేవాడు. మోటారు వేడెక్కితే కారణం చెప్పేవాడు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళకు పని నేర్పేవాడు. ఏ సరుకుకు ఎంత నూలు కావాలో అంచనా కట్టేవాడు. ఈ జాబితాలో కనీసం అయిదు బ్రతుకుతెరువులు దాగి ఉన్నాయి. ఈ ఊరిలో యూనిఫారాలు కుట్టే పరిశ్రమ పెరిగింది. అక్కడ వందల కుట్టు యంత్రాలు ఉన్నాయి, వాటిని బాగుచేసే మనిషి కావాలి. నాడె లేని రేపియర్ మగ్గాలు వచ్చాయి. పాత మగ్గం గుణం తెలిసినవానికి కొత్త మగ్గం నేర్చుకోవడం పూర్తిగా కొత్త విద్య కాదు. చేతిలో నైపుణ్యం ఉండి పత్రం లేనివారికి, ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ముందే నేర్చిన విద్యను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉన్నది.

కుమారుని విషయమూ ఇంతే. "సాఫ్ట్‌వేర్ పరీక్షకుడు" అన్న పేరుతోనే ఉద్యోగం వెదికితే, అదే నెలలో ఉద్యోగం పోయిన వేలమందితో పోటీ. అతడు నిజంగా చేసినది తప్పులు పట్టడం, పట్టిన తప్పును ఎదుటివారికి అర్థమయ్యేట్టు రాయడం, తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడగలగడం. ఆసుపత్రి రికార్డులకు, నూలు వ్యాపారుల జీఎస్‌టీ లెక్కలకు, ఎగుమతి సంస్థల సరుకు పత్రాలకు అటువంటి మనిషి కావాలి. జీతం మొదట తగ్గవచ్చు. తాత్కాలికంగా తగ్గిన జీతాన్ని శాశ్వతమైన అవమానంగా భావించడమే అసలు నష్టం. మధ్యలో ఖాళీగా ఉన్న నెలలను గురించి ముఖాముఖిలో అడిగితే నిజం చెప్పాలి. "ఆ విభాగాన్ని మూసివేశారు. ఈ అయిదు నెలలలో ఇది నేర్చుకున్నాను" అన్న రెండు వాక్యాలు చాలు.

నిరాశలో ఉన్న మనిషిని మోసగాడు సులభంగా గుర్తుపడతాడు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవారిని, అసలు ధ్రువపత్రాలను తమ దగ్గర ఉంచమనేవారిని, గల్ఫుకు సందర్శక వీసా మీద వెళ్ళి పనిలో చేరమనేవారిని నమ్మరాదు. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదుకు రుసుము లేదు.

చివరి మాట ఉద్యోగం పోయినవారికి కాదు, వారి చుట్టూ ఉన్నవారికి. పెళ్ళిలో, పేరంటంలో, మార్కండేయ స్వామి రథోత్సవంలో అటువంటివారు ఎదురైతే "ఇంకా ఏమీ దొరకలేదా?" అన్న ప్రశ్న నోటికి రాకుండా ఆపుకోవడం మంచిది. ఆ ప్రశ్నకు భయపడే చాలామంది బంధువుల ఇళ్ళకు వెళ్ళడం మానివేస్తారు. కొత్త పని చాలా సార్లు తెలిసినవారి నోట వచ్చిన కబురుగానే దొరుకుతుంది గనుక, మనుషులకు దూరమైన కొద్దీ పనికీ దూరమవుతారు. "ఫలానా చోట మెకానిక్కు కావాలట, రేపు కలిసి వెళదాం" అన్న మాట వంద ఓదార్పుల కంటె మేలు. కులసంఘం, యువజన మండలి, గ్రంథాలయం ప్రతి ఒక్కటీ వారానికొక సాయంత్రం ఇందుకు కేటాయించగలవు. కాగితం చదివి చెప్పేవారు ఒకరు, దరఖాస్తు రాసిపెట్టేవారు ఒకరు, ఏ కార్ఖానాలో ఏ పని ఖాళీ ఉన్నదో రాసిన పలక ఒకటి ఉంటే చాలు. దానికి పెద్ద ఖర్చు కాదు.

ఊహించుకున్న ఆ ఇంటి కథకు గొప్ప ముగింపు ఏమీ లేదు. జాబరు కుట్టు యంత్రాల మరమ్మతులో చేరాడు. మొదటి ఆరు నెలలు జీతం మునుపటి కంటె తక్కువ. గ్రాట్యుటీ సొమ్ము కోసం మూడు సార్లు కార్యాలయానికి తిరగవలసి వచ్చింది, చివరకు వచ్చింది. కుమారుడు ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఉన్నాడు, సాయంత్రాలు చదువుకుంటున్నాడు. తల్లి ఇప్పటికీ బీడీలు చుడుతున్నది. కాని వాటిని కార్ఖానాకు చేర్చి వచ్చేది ఇప్పుడు ఆమె భర్త.

ముడి వేసిన చోట బట్టను వేలితో తడిమితే చిన్న బొడిపె తగులుతుంది. అది లోపమే, దాచనవసరం లేదు. ఆ ముడి వలననే బట్ట చివరిదాకా నేయబడింది.